కాటిసీనులో కవి యెవరు?

పలకలకు పేరొందిన మార్కాపురము, నల్లమల నంటియున్న గిద్దలూరు, పెద్ద చెరువు గల కంభము 1970వ సంవత్సరమున కర్నూలు జిల్లానుండి విడివడి, పిదప ప్రకాశమని పేరువడసిన క్రొత్త జిల్లాలో చేరినవి. జిల్లా మాఱినను అభిరుచి మాఱలేదు. తక్కిన ఆంధ్రదేశమందువలెనే ఈ మెట్టసీమయందును పద్యనాటకమనగా జనులకు మక్కువ యెక్కువ. అందును బలిజేపల్లి లక్ష్మీకాంతకవి (1881–1953) రచించిన హరిశ్చంద్ర నాటకమును, విశేషించి అందలి కాటిసీనును, తెల్లవాఱుదనుక మేలుకొని చూచిన వారెందఱో కలరు.

ఈ నాటకమును గూర్చి చదువరుల యెదుట మేమొక ప్రశ్న నుంచుచున్నాము. నటుడు గ్రంథమునందున్న మాటనే పలుకవలెనా? లేక సమయమునుబట్టి క్రొత్తది చేర్చుకొనవచ్చునా?

గ్రంథపక్షమువారి వాదము తేలికగా ద్రోసివేయదగినది కాదు. కవి యొక క్రమమును భావించి రచించెను. పాత్రల కెవరి పాలు వారికి బంచియిచ్చెను. ఒక నటుడు దానిని మీఱినచో నష్టము కవికి మాత్రమే కాదు, తోడి పాత్రలకును గలుగును. హరిశ్చంద్ర పాత్రధారి యొక్క పద్యమునకు రాగము దీసి దీసి, సభవారు 'వన్స్‌మోర్' అనగానే మఱల నెత్తుకొనును. ఆ కాలమంతయు చంద్రమతి చచ్చిన బిడ్డను ముందిడుకొని ఊరక కూర్చుండవలెను. తుదకు ప్రొద్దుపోయెనని ఆమె శోకమే కుదింపబడును. పుత్రశోకము తల్లిదై యుండగా, సభ తండ్రి గాత్రమును మాత్రమే విని యిండ్లకు బోవును. దీనిని మేము స్వేచ్ఛ యనజాలము. పరుల పాలు హరించుట యందుము.

అట్లని గ్రంథమే శరణ్యమనుటయు పొసగదు. కాటిసీనులో జనులు పరవశులై వినుచు వచ్చిన పద్యములలో గొన్ని బలిజేపల్లివారివి కావు. అవి గుఱ్ఱం జాషువకవి (1895–1971) శ్మశానమును గూర్చి రచించిన ఖండికలోనివి. ఆయన జన్మస్థానమైన వినుకొండ మార్కాపురమున కీశాన్యముగా నున్నది. కవియు, చిత్రకారుడును, రాజును, పసిబిడ్డయు ఒకే మంటిలో గలియుదురను ఆ భావము, కాటికాపరియైన చక్రవర్తి నోట మిక్కిలి యొప్పినది. నటులు దానిని గ్రహించి చేర్చుకొనిరి. నియమము తప్పినది, నాటకము బాగుపడినది. మూలకవి కథ యే దిక్కునకు నడచుచున్నదో, చేర్పును ఆ దిక్కునకే నడచెను గనుక అది పరాయిదిగా దోపలేదు.

నక్షత్రకుని సంగతియు నిట్టిదే. అతడు ఋణము వసూలు చేయవచ్చిన శిష్యుడు. ఆ పాత్రధారి గ్రంథమున లేని చతురోక్తు లాడుట అందఱెఱిగినదే. వానలు తప్పి, అప్పుచేసి సేద్యము సాగించు ఈ సీమలో, వడ్డీని గూర్చి యతడు విసరిన ఒక్క మాట సభనంతయు నవ్వించును; ఆ నవ్వులో నొక నిజమును దెలుపును. కాని అతడే అప్పు తీర్చలేనివానినో, వితంతువునో, ఒక కులమువారినో హేళనచేసి నవ్వు పుట్టించినచో, అది పాత్ర మాట గాదు, నటుని నీచాభిరుచి. కల్పన యొకటియే; ఎగతాళి యెవరిపై బడుచున్నదో చూచి మంచిచెడ్డలు నిర్ణయింపవలెను.

ఈ తగవు మనదే కాదు. 1974లో అమెరికాయందు గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను నాటను ప్రకటించిరి. అందు కొందఱు బల్లచుట్టు గూర్చుండి తలకొక పాత్రను ధరింతురు. నిర్వాహకుడొకడు పాచికల సాయమున కథ నడపును. అతడు నియమగ్రంథమును బట్టి పోవలెనా, అప్పటికప్పుడు కల్పింపవలెనా యని అచ్చటను వాదములే. నియమములు మార్గదర్శకములని గ్రంథకర్తలే తెలిపియున్నారు. ఆ స్వాతంత్ర్యము తోడి యాటగాండ్ర వంతును మ్రింగినచో, ఆట కాస్తయు నిర్వాహకుని యేకపాత్రాభినయ మగును. కాటిసీనులో చంద్రమతికి గలుగు దురవస్థయు నిదియే గదా!

ఇక మేము ముఖ్యముగా జెప్పదలచిన మాట. జాషువ పద్యములను చేర్చుట తప్పు కాదు. చేర్చి యాయన పేరు చెప్పకుండుట తప్పు. అవి బలిజేపల్లివారివే యని తలచిన ప్రేక్షకు లెందఱో కలరు. కులముచేత అవమానముల ననుభవించి, 1941లో 'గబ్బిలము' ప్రకటించి ఆ బాధను లోకమునకు వినిపించిన కవి యాయన. మరణమున నందఱు సమానులను ఆయన మాటకు చప్పట్లు కొట్టి, ఆయన పేరు మఱచుట యేమి న్యాయము? ఆ సమానత్వము కాటివఱకు ఆగవలసినదేనా?

కావున నాటకము లాడించు సమాజములవారికి మా మనవి యిది. కరపత్రముపై ఇరువురు కవుల పేళ్లును ముద్రింపుడు. పద్య మెత్తుకొనుటకు ముందు కర్త పేరు ఒక్కమాఱు సభకు దెలుపుడు. రాగమున కొక హద్దు నేర్పఱచి చంద్రమతి పాలు చంద్రమతికి విడువుడు. మన యిండ్లలోని తల్లులు బిడ్డలతో గూడి చూచు నాటకమిది. అందు తల్లి యేడ్పు పూర్తిగా వినబడవలెను.