సుల్తానా కలలో సైన్సెంత?

వైజ్ఞానిక కల్పన అనగానే మనకు మొదట గుర్తుకువచ్చే పేర్లు జూల్స్ వెర్న్, హెచ్.జి. వెల్స్, ఐజాక్ అసిమోవ్. ముగ్గురూ పురుషులే. అందుకే కాబోలు, సైన్సు కథలు మగపిల్లల సరదా అన్న అభిప్రాయం మన ఇళ్లలోనూ, కాలేజీల్లోనూ స్థిరపడిపోయింది. రాకెట్ల గురించీ, గ్రహాంతరవాసుల గురించీ గంటల తరబడి మాట్లాడే అబ్బాయిని 'చురుకైనవాడు' అంటారు. అదే పని అమ్మాయి చేస్తే 'ఈ పిల్లకిదేం పిచ్చి?' అంటారు. ఈ అభిప్రాయం చరిత్రకు ఎంత దూరమో తెలియాలంటే ఒక చిన్న కథ చదివితే చాలు. పట్టుమని పాతిక పేజీలుండని ఆ కథ 1905లో మద్రాసులో అచ్చయింది. దాని పేరు 'సుల్తానాస్ డ్రీమ్', అంటే సుల్తానా కల.

రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్. 1880లో, నేటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతంలో, పర్దా కట్టుబాట్లు గట్టిగా ఉన్న కుటుంబంలో పుట్టారు. ఆడపిల్లలను బడికి పంపని ఆ ఇంట్లో అన్నగారి సాయంతో, రాత్రిపూట దీపం వెలుగులో ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఈ కథను ఇంగ్లీషులోనే రాశారు. అది అచ్చయిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' సంపాదకురాలు కమలా సత్యనాథన్ మన రాజమండ్రికి చెందిన తెలుగు మహిళ. 1901లో ఆమె ఆ పత్రికను ప్రారంభించారు. అంటే మన దేశంలో స్త్రీలు రాసిన తొలి వైజ్ఞానిక కల్పనల్లో ఒకటి ఒక తెలుగు సంపాదకురాలి పత్రిక ద్వారా వెలుగు చూసిందన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు.

కథ ఏమిటి?

సుల్తానా ఒక సాయంత్రం కుర్చీలో కూర్చుని ఆలోచిస్తూ కునుకు తీస్తుంది. కలలో సారా అనే మహిళ ఆమెను ఒక వింత దేశానికి తీసుకుపోతుంది. అక్కడ వీధుల్లో స్త్రీలే స్వేచ్ఛగా తిరుగుతుంటారు. పురుషులు ఇళ్లలో, లోపలి గదుల్లో ఉండి వంట చేస్తూ, పిల్లలను చూసుకుంటూ ఉంటారు. ఆ దేశపు రాణి ఆడపిల్లలందరికీ చదువు తప్పనిసరి చేసింది. 21 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని శాసించింది. మన దేశంలో శారదా చట్టం 1929లో ఆడపిల్లల పెళ్లి వయసును 14 ఏళ్లుగా నిర్ణయించిందని గుర్తుచేసుకుంటే ఆ ఊహ ఎంత ముందు నడిచిందో అర్థమవుతుంది.

ఆ దేశంలో స్త్రీల కోసం రెండు విశ్వవిద్యాలయాలున్నాయి. మన దేశంలో కార్వే మహాశయుడు మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది 1916లో. కథలో ఒక విశ్వవిద్యాలయం వారు మేఘాలపైన గొట్టాలతో ఒక పెద్ద బెలూనును నిలిపి నీళ్లు తోడుకుంటారు. రెండో విశ్వవిద్యాలయం వారు సూర్యుని వేడిని పోగుచేసి నిల్వచేసే సాధనం తయారుచేస్తారు. పొలాలు విద్యుత్తుతో దున్నుతారు. వంటగదిలో బొగ్గూ లేదు, పొగా లేదు, సూర్యుని వేడితోనే వంట. అంటువ్యాధులు లేవు, దోమలు లేవు.

లెక్క వేసి చూద్దాం

ఈ కథ మీద విమర్శకులు చాలా రాశారు. అయితే అందులో ఎక్కువ భాగం పర్దా గురించీ, స్త్రీ స్వేచ్ఛ గురించీ. కథలోని సైన్సును ఒక అలంకారంగా చూసి వదిలేస్తారు. వైజ్ఞానిక కల్పనను ప్రేమించే పాఠకులు అలా వదలరు. పెన్సిలు తీసుకుని 'ఇది సాధ్యమా?' అని లెక్క వేస్తారు. మనమూ ఆ పని చేద్దాం.

మొదట సారా విమానం. ఒక పలక మీద రెండు కుర్చీలు బిగించి, దానికి నున్నటి రెండు హైడ్రోజన్ బంతులు తగిలించి, విద్యుత్తుతో ఆడే రెక్కలు అమర్చుతుంది. బంతులు భూమ్యాకర్షణను జయిస్తాయని చెబుతుంది. నిజానికి హైడ్రోజన్ ఆకర్షణను రద్దు చేయదు. చుట్టూ ఉన్న గాలి కన్నా తేలిక కనుక, ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం పైకి తేలుతుంది. ఒక ఘనమీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు, హైడ్రోజన్ బరువు 0.1 కిలో కన్నా తక్కువ. అంటే ఒక ఘనమీటరు హైడ్రోజన్ సుమారు 1.1 కిలోల బరువును ఎత్తగలదు. ఇద్దరు మనుషులూ పలకా కలిపి 130 కిలోలనుకుంటే దాదాపు 118 ఘనమీటర్ల వాయువు కావాలి. దానిని రెండు బంతులుగా విభజిస్తే ఒక్కొక్క బంతి అడ్డుకొలత 5 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. బంతి తొడుగు బరువు కలిపితే ఇంకా పెరుగుతుంది. ఈ బంతుల మధ్య పలక ఎక్కడుందో వెతుక్కోవలసిందే! అయినా రైట్ సోదరుల మొదటి విమానం ఎగిరింది 1903 డిసెంబరులో అని మరచిపోకండి. ఈ కథ వెలువడింది రెండేళ్లయినా నిండకముందు.

ఇక నీళ్ల బెలూను. మేఘంలో ద్రవరూపంలో ఉండే నీరు సాధారణంగా ఘనమీటరుకు ఒక గ్రాము, అంతకన్నా తక్కువ. 15 లీటర్ల బిందె నిండాలంటే కనీసం 15,000 ఘనమీటర్ల మేఘాన్ని వడకట్టాలి. గొట్టంతో పీల్చటం కష్టమే. కాని చిలీ దేశపు ఎడారి కొండల్లో పొగమంచుకు అడ్డంగా పెద్ద వలలు కట్టి నీటిబొట్లు పట్టే పద్ధతి నిజంగానే ఉంది. కనుక ఆలోచనలోని మూలం తప్పు కాదు.

సూర్యుని వేడితో పనిచేయించటం అప్పటికే పూర్తి కొత్త విషయం కాదు. 1878 పారిస్ ప్రదర్శనలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మూషో సూర్యతాపంతో నడిచే యంత్రాన్ని చూపించాడు. అదే ఏడాది బొంబాయిలో విలియం ఆడమ్స్ సూర్యతాపాన్ని ఇంధనంగా వాడటంపై ఒక పుస్తకం ప్రచురించాడు. అయితే ఇలాంటి ఊహను వంటింటిలోకి తెచ్చి, పొగ లేని గదిలో తేలికగా ఊపిరి పీల్చుకునే మనిషిని మన కళ్ల ముందు నిలబెట్టింది రొకేయా.

ఇక్కడే ఈ కథ అసలు విలువ ఉంది. వెర్న్ 1865లో ఫిరంగి గుండులో మనుషులను చంద్రుడి వైపు పంపాడు. రొకేయా నీళ్లు, వంట, రోగాలు, రాకపోకల గురించి ఆలోచించింది. ఒకటి గొప్పది, మరొకటి చిన్నది అని కాదు. సైన్సు ఏ ప్రశ్నలకు జవాబు వెతుకుతుంది అన్నది ప్రశ్న అడిగేవారిని బట్టి మారుతుంది. అడిగేవారంతా ఒకే రకం మనుషులైతే కొన్ని ప్రశ్నలు ఎన్నటికీ పుట్టవు.

సూరత్ నుంచి చూస్తే

ఈ వ్యాసం రాస్తున్నది సూరత్‌లో. ఇక్కడి లింబాయత్ వంటి పేటల్లో తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన నేతపనివారి కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. ఈ ఊరి పిల్లలు ఈ కథ చదివితే కొన్నిచోట్ల నవ్వుకుంటారు, కొన్నిచోట్ల ఆగి ప్రశ్నిస్తారు.

నవ్వుకునే చోటు: ఆ దేశంలో ఇంటిపనంతా పురుషులదే అయినా, కుట్టుపని మాత్రం వారికి అప్పగించరు. సూదిలో దారం ఎక్కించే ఓపిక కూడా వారికి లేదట! జరీపనికీ, ఎంబ్రాయిడరీకీ పేరుపొందిన ఊరిలో ఈ చమత్కారం బాగా పండుతుంది. ఇంకొక చమత్కారం లెక్కతో కూడినది. ఆ దేశపు స్త్రీలు ఆఫీసు పనిని 2 గంటల్లో ముగిస్తారు. మగవారికి 7 గంటలెందుకు పట్టేదంటే, ఒక చుట్ట కాలటానికి అరగంట చొప్పున రోజుకు 12 చుట్టలు తాగితే 6 గంటలు పొగలోనే పోతాయట.

ప్రశ్నించే చోటు: 12 గంటల షిఫ్టుల్లో మరమగ్గాలు నడిచే ఊరిలో '2 గంటల పని' అన్న మాట వినగానే, ఆ దేశంలో బట్ట ఎవరు నేస్తున్నారు, యంత్రాలు ఎవరు పోతపోస్తున్నారు అన్న సందేహం వస్తుంది. కథలో కర్మాగారాల ప్రస్తావన ఒక్క మాటతో ముగిసిపోతుంది. ప్రయోగశాలలో ఉన్నవారి పేరే గాని, మగ్గం దగ్గర ఉన్నవారి ఊసు లేదు. రెండవది వర్షం. మేఘాల్లోని నీటిని పట్టేయటం వల్ల ఆ దేశంలో వానలూ తుపానులూ ఆగిపోతాయి. దీనిని కథ విజయంగా చెబుతుంది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్ మునిగింది. పైన నీటిని ఆపేవారి నిర్ణయం దిగువన ఉన్నవారి బతుకును ఎలా తాకుతుందో ఈ ఊరికి అనుభవం. పొరుగు దేశానికి చేరవలసిన వాన ఏమైందన్న ప్రశ్న సుల్తానా అడగదు. మనం అడగాలి.

అలాగే 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ విడిచి వెళ్లారు. తర్వాత రెండేళ్లలోనే ఇది దేశంలోని పరిశుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. అది ఏదో అద్భుత యంత్రం వల్ల జరగలేదు. చెత్త ఎత్తటం, కాలువలు తీయటం, రోజూ తనిఖీ చేయటం వల్ల జరిగింది. కథలో ఆవిష్కరణలన్నీ ఒక వాక్యంలో పూర్తవుతాయి. విఫలమైన ప్రయోగం ఒక్కటి కూడా లేదు. వైజ్ఞానిక కల్పనగా ఇది ఈ కథలోని పెద్ద లోపం. పురుషులను గదుల్లో బంధించటాన్ని మాత్రం వ్యంగ్యంగా తీసుకోవాలి గాని ప్రణాళికగా కాదు. తలకిందులు చేసి చూపితేగాని అన్యాయం కంటబడదని రచయిత్రి ఉద్దేశం.

ఎగతాళి, జవాబు

కథలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం మరొకటి ఉంది. విశ్వవిద్యాలయాల్లో స్త్రీలు పరిశోధనలు చేస్తుండగా, పురుషులు సైన్యాన్ని పెంచుకుంటూ ఆ పరిశోధనలను పగటికలలని వెక్కిరిస్తారు. జవాబు చెబుదామని స్త్రీలు ఆవేశపడితే రాణి వారిస్తుంది. అవకాశం వచ్చినప్పుడు చేతలతో చెప్పమంటుంది. తర్వాత శత్రువులు దండెత్తి వస్తారు. సైన్యం ఓడిపోతుంది. అప్పుడు ప్రధానాచార్యురాలు 2,000 మంది విద్యార్థినులతో వెళ్లి, పోగుచేసిన సూర్యతాపాన్ని శత్రువు మీదికి మళ్లించి గెలుస్తుంది.

ఇక్కడా లెక్క ఉంది. ఒక్కొక్కరి చేతిలో ఒక చదరపు మీటరు అద్దం ఉందనుకుంటే, మండుటెండలో వారంతా మళ్లించగలిగేది 2,000 కిలోవాట్లు. ఒకే చోట కేంద్రీకరిస్తే అది భయంకరమే. కాని ఒక చదరపు కిలోమీటరులో పరుచుకున్న సైన్యం మీద అప్పటికే పడుతున్న ఎండ 10 లక్షల కిలోవాట్లు. అద్దాలు కలిపేది అందులో 0.2 శాతం మాత్రమే!

భౌతికశాస్త్రం కన్నా ఇక్కడ నన్ను ఆపేది వేరొక విషయం. దేశాన్ని రక్షించిన తర్వాతే ఆ స్త్రీల సైన్సుకు గౌరవం దక్కింది. మన ఇళ్లలోనూ ఇదే షరతు. మొదటి ర్యాంకు వస్తే 'పుస్తకాల పురుగు' అన్న బిరుదు ముద్దుగా వినిపిస్తుంది, రాకపోతే అదే తిట్టవుతుంది. ఇంగ్లీషులో 'గీక్' అనే మాట కథా ఇలాంటిదే. ఒకప్పుడు తిరునాళ్లలో వింత చేష్టలతో పొట్టపోసుకునేవారికి పెట్టిన పేరు. తర్వాత చదువులో, యంత్రాల్లో మునిగిపోయేవారిని వెక్కిరించే మాట. కంప్యూటర్ల కాలంలో అది గర్వంగా చెప్పుకునే గుర్తింపుగా మారింది. అయితే ఆ గర్వంలో అమ్మాయిలకు చాలాకాలం వాటా దొరకలేదు. మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818లో రచయిత పేరు లేకుండానే వెలువడింది. అమెరికాలో ఆలిస్ షెల్డన్ 1968 నుంచి 'జేమ్స్ టిప్‌ట్రీ' అనే మగపేరుతో సైన్సు కథలు రాశారు. ఆ శైలి పురుషుడిదేనని ప్రముఖులు కూడా నమ్మారు. 1977 నాటికి గాని అసలు సంగతి లోకానికి తెలియలేదు. మన దేశపు వందనా సింగ్ భౌతికశాస్త్రం బోధిస్తూనే సొంత పేరుతో వైజ్ఞానిక కల్పనలు రాసి ప్రపంచ పాఠకులను సంపాదించుకున్నారు. ఒక దారి పడింది.

అయినా మన దేశంలో సైన్సు పట్టభద్రుల్లో అమ్మాయిలు భారీ సంఖ్యలో ఉన్నా, పరిశోధనరంగంలో పనిచేసే శాస్త్రవేత్తల్లో వారి వాటా ఐదో వంతుకు చేరలేదు. మధ్యలో రాలిపోయినవారందరికీ తెలివి చాలలేదని అనగలమా?

ఒక చిన్న వ్యాకరణం

ఈ కథను తెలుగు చేసేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఇంగ్లీషులో 'శాస్త్రవేత్త కనిపెట్టె' అన్నదానికి ఆడా మగా తేడా క్రియలో తెలియదు. తెలుగులో ఏకవచనం వాడితే 'కనిపెట్టాడు' అనాలి, లేదా 'కనిపెట్టింది' అనాలి. ఈ రెండో రూపం ఆవుకూ, యంత్రానికీ కూడా అదే. అందుకే కాబోలు, పేరు చెప్పని శాస్త్రవేత్త మన వాక్యాల్లో అలవాటుగా 'చేస్తాడు', 'చూస్తాడు' అయిపోతాడు. 'శాస్త్రవేత్త ప్రయోగం చేస్తారు' అని రాస్తే ఒక్క అక్షరం మారుతుంది, చదివే అమ్మాయికి ఆ వాక్యంలో చోటు దొరుకుతుంది.

2005లో చెన్నైలోని తారా బుక్స్ ఈ కథను గోండు చిత్రకారిణి దుర్గాబాయి బొమ్మలతో అందంగా ప్రచురించింది. 2023లో దీని ఆధారంగా స్పెయిన్ దర్శకురాలు ఇసబెల్ ఎర్గేరా యానిమేషన్ చిత్రం తీశారు. 2024లో యునెస్కో ఆసియా-పసిఫిక్ 'ప్రపంచ స్మృతి' జాబితాలో ఇది చేరింది. ఇన్ని గౌరవాల మధ్య దీనిని పూజించటం సులువు. అంతకన్నా దీనితో వాదించటం మంచిది. మీ సైన్సు క్లబ్బులో ఒక గంట కేటాయించి చదవండి. బంతుల లెక్క మళ్లీ వేయండి. నీళ్ల బెలూనుకు మెరుగైన నమూనా గీయండి. వాన ఆగిపోయిన పొరుగు దేశం గురించి తరువాయి కథ రాయండి. ఆ కథలో ఎవరినీ గదిలో పెట్టనక్కరలేదు. దానిని రాసే అమ్మాయి తరగతిలో మొదటి ర్యాంకు విద్యార్థిని కానక్కర కూడా లేదు. సైన్సు మీద ఇష్టం ఉంటే చాలు.