ఏ మట్టిలో తిరిగిన బండి?

పోయిన ఆదివారం తెల్లారకుండానే మా బావమరిది బండి వెనక కూర్చుని చింతలపూడి వైపు బయల్దేరాను. వాడికి కోకో తోటలో తిరగడానికి చిన్న ట్రాక్టరు ఒకటి కావాలి. కొత్తది కొనే స్తోమత లేదు, పాతది చూసిపెట్టమన్నాడు. అమ్మే పెద్దాయన తొమ్మిదింటికి రమ్మన్నారు. మేం ఏడింటికే వాళ్ళ గేటు ముందు దిగాం. "ఇంత పొద్దున్నే వెళ్తే ఏం బాగుంటుంది బావా, కాఫీ అయినా కాచి ఉండరు" అని దారంతా వాడి గొణుగుడు. కాఫీ చల్లారినా ఫర్వాలేదురా, ఇంజిన్ మాత్రం చల్లగా ఉండాలి అన్నాను.

నేను మెకానిక్‌ని కాను. మెట్టలో నిమ్మ, కోకో వేసుకుని బతికేవాణ్ణి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాను కాబట్టి, పాత ట్రాక్టరు చూడాలంటే చుట్టాలూ ఇరుగుపొరుగూ నాకు కబురు పెడతారు. ఆ దెబ్బ సంగతి తర్వాత.

రాత్రంతా కదలకుండా ఉన్న డీజిల్ ఇంజిన్‌కి పొద్దున్నే మొదటి సెల్ఫ్ కొట్టినప్పుడే దాని వయసు బయటపడుతుంది. ఈ సంగతి అమ్మేవాళ్ళకి మనకంటే బాగా తెలుసు. నిరుడు ఒక ఊళ్ళో బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

"ఏమండీ, ఇంజిన్ వేడిగా ఉందే?"

"ఇప్పుడే మందు కొట్టొచ్చామండి."

"ట్యాంకు పొడిగా ఉంది కదండీ?"

ఆయన ట్యాంకు వైపు చూశాడు, నేను మా బండి వైపు నడిచాను.

చల్లగా ఉన్న ఇంజిన్ లేచిన కాసేపు తెల్లపొగ వదలడం మామూలే. వేడెక్కాక కూడా తగ్గకపోతే అనుమానించాలి. నల్లపొగకి నేను పెద్దగా భయపడను. చాలాసార్లు ఎయిర్ ఫిల్టరో నాజిలో బాగుచేయిస్తే పోతుంది. నీలంపొగ వచ్చిందంటే మాత్రం ఇంజిన్ ఆయిలు తాగుతోందని లెక్క. అప్పుడు ఆయిలు పోసే మూత తీసి అరచెయ్యి అడ్డుపెట్టి చూస్తాను. బుస్సుబుస్సుమని కొడుతుంటే రింగులు పోయి ఇంజిన్ బోరుకొచ్చినట్టే. ఇంకో మాట. యువరాజ్ 215, స్వరాజ్ 717 లాంటి 15 హెచ్‌పీ బళ్ళకి సిలిండర్ ఒకటే. అవి డబడబలాడుతూ ఒళ్ళంతా ఊగుతాయి. మూడు సిలిండర్ల బండి నడిపిన చేత్తో వాటి స్టీరింగ్ పట్టుకుని, ఇంజిన్ పోయిందంటూ మంచి బండిని వదిలేసుకున్న వాళ్ళున్నారు.

ఇక గంటల మీటరు. కొనేవాళ్ళంతా ముందు దాన్నే చూస్తారు, నేను ఆఖర్న చూస్తాను. కేబుల్‌తో తిరిగే మీటరైతే ఆ కేబుల్ ఊడదీస్తే చాలు, కాలం ఆగిపోతుంది. దానికంటే క్లచ్ పెడల్ నయం. మీటరు 700 గంటలు అంటుంటే పెడల్ మీద గీతలన్నీ అరిగి నున్నగా మెరుస్తుంటే నేను పెడల్ మాటే నమ్ముతాను. బ్రేకులు రెండు కదా, కుడిదీ ఎడమదీ. అందులో ఒకటే బాగా అరిగి ఉందంటే అస్తమానం ఒకే పక్కకి బ్రేకు తొక్కి తిప్పిన బండన్నమాట.

అలా తిప్పేది ఎక్కడ? దమ్ములో. నా దెబ్బ కూడా అక్కడిదే.

కొన్నేళ్ళ కిందట డెల్టా నుంచి ఒక 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి తెచ్చుకున్నాను. మూడేళ్ళ బండి, కొత్త పెళ్ళికూతురిలా ఉంది. మీటరు 640 గంటలు చూపించింది. ఎవరినీ అడగకుండా బయానా ఇచ్చేశాను. రెండో ఏడు వానాకాలంలో నిమ్మతోటలో తిరుగుతుంటే ముందు కుడిచక్రం దగ్గర పళ్ళు కొరికినట్టు చప్పుడు మొదలైంది. మా మెకానిక్ ఆ చక్రం గేరు పెట్టె అడుగున నట్టు వదులు చేశాడు. ముందు బురదనీళ్ళు ధారగా కారాయి. ఆ వెనక ఆయిలు వచ్చింది, పాలెక్కువైన టీ రంగులో. లోపల పినియన్ పళ్ళు చెదలు తిన్నట్టు గుంటలు పడి ఉన్నాయి. సీలు ఖరీదు కొన్ని వందలు. అది పోయినట్టు చూసుకోనందుకు నాకు పడింది 38 వేలు.

దమ్ములో జరిగేది ఇదీ. ముందు ఇరుసు గంటల తరబడి బురదనీళ్ళలో మునిగి తిరుగుతుంది. సన్నటి ఒండ్రు సీలు అంచుని ఆకురాయిలా గీకుతుంది. పని చేసి కాలిన గేరు పెట్టె చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. దాంతో అరిగిన సీలు సందులోంచి నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. తోటలో ఏళ్ళ తరబడి మందు ట్యాంకు లాగిన బండికి ఈ బాధ లేదు. నాకు అమ్మినాయన అబద్ధం ఆడలేదు. 640 గంటలన్నాడు, అవి నిజంగా 640 గంటలే. ఏం చేసిన గంటలని నేను అడగలేదు.

అప్పట్నుంచి నా జేబులో ఒక స్క్రూడ్రైవరు ఉంటుంది. ట్రాక్టరుకి నీళ్ళు కొట్టి ఎంత కడిగినా ముందు ఇరుసు మధ్య పిన్ను బ్రాకెట్ వెనక, క్లచ్ హౌసింగ్ మీద, రేడియేటర్ కింది మూలల్లో పాత మట్టి ఎండి ఉండిపోతుంది. దాన్ని గీకి అరచేతిలో నలుపుతాను. మా మెట్ట ఎర్రమట్టి అయితే పొడిపొడిగా రాలిపోతుంది. డెల్టా నల్లమట్టి పెంకులా ఊడి, ఉమ్మి తగిలితే జిగురు తేలుతుంది. వెనక చక్రాల రిమ్ము బోల్టుల చుట్టూ రంగు చెక్కుకుపోయి ఇనుము కనబడుతుంటే కేజ్ వీల్స్ బిగించిన గుర్తు. ఆకివీడు, కైకలూరు వైపు చెరువు గట్ల మీంచి వచ్చిన వాటిది ఇంకో తరహా. పీటీఓకి పంపు తగిలించి రాత్రీ పగలూ నీళ్ళు తోడతారు. బండి అంగుళం కదలదు, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. టైర్లు కొత్తగా ఉండి పీటీఓ షాఫ్టు చేత్తో ఊపితే ఊగుతుంటే, బ్యాటరీ పెట్టె తుప్పు పట్టి ఉంటే నేనింక ఇంజిన్ స్టార్ట్ చేయమని కూడా అడగను.

టైర్ల మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. పక్కన అచ్చయిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందూ వెనకా చక్రాల కొలతలకి లెక్క ఉంటుంది. ఎవరో చవగ్గా దొరికిందని ముందు వేరే సైజు టైరు వేయిస్తే ఆ తేడా అంతా గేర్లే మోయాలి. పాత టైరు నచ్చకపోతే మార్చుకుంటాం. ఈ జత కలవని టైరు లోపల ఏం చేసి ఉంటుందో పైకి కనబడదు.

చింతలపూడి బండి దగ్గరికొస్తాను. అదీ 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవే. చూడగానే మా వాడి మొహం మాడిపోయింది. బానెట్ మీద పిల్లి గోళ్ళు గీరినట్టు వందల గీతలు, ఒక హెడ్‌లైటు లేదు, సీటు చిరిగి గోనెపట్టా కప్పారు. మీటరు 2,860. నాకు మాత్రం ఆ గీతలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. అవి నిమ్మముళ్ళ గీతలు. కొత్త రంగు కొట్టిన బండి దగ్గర నాకు ఈ సుఖం ఉండదు. గ్రీజు నిపుల్ మీద కూడా రంగు ఉందంటే, ఆ తర్వాత దానికి గ్రీజు కొట్టిన పాపాన ఎవరూ పోలేదన్నమాట.

పెద్దాయన్ని అడిగి ముందు చక్రాల గేరు పెట్టెల నట్లు అరచుట్టు వదులు చేయించాను. పొద్దున్నే వెళ్ళడానికి ఇదే రెండో కారణం. ఆయిల్లో నీళ్ళుంటే రాత్రికి రాత్రి అడుగుకి దిగుతాయి, ముందు వచ్చేవి అవే. తెల్ల కాగితం ముక్క పట్టాను. ఎడమ పక్క నల్లటి చుక్క, జిగటగా. కుడి పక్కా అంతే. పాత ఆయిలే గానీ నీళ్ళు లేవు. తర్వాత రోటావేటరు లేపించి ఇంజిన్ ఆపించాను. అది ఎంత ఎత్తులో ఉందో పక్కనున్న కొబ్బరిచెట్టు మీద సుద్దముక్కతో గీసి, అమ్మగారు ఇచ్చిన కాఫీ తాగడానికి అరుగు మీద కూర్చున్నాం. కాఫీ అయ్యేసరికి గీత నుంచి మూడు వేళ్ళు దిగింది. ఈ వయసుకి అది తప్పు కాదు. మళ్ళీ స్టార్ట్ చేసి లేపితే తల ఊపకుండా నిలబడింది. గట్టు ఎక్కించి రెండో గేరులో దించితే గేరు జారలేదు. క్లచ్ మాత్రం బాగా పైకొచ్చి పట్టుకుంటోంది. ప్లేటు మార్పించాలి. ఆ ఖర్చు బేరంలో తగ్గించమని అడగొచ్చు.

కాగితాల దగ్గర నేను పేచీకోరునే. మనవాళ్ళు బండి ఎన్ని హెచ్‌పీ అని అడుగుతారు గానీ సీ బుక్కులో ఉండే రెండో హెచ్‌పీ, అదే హైర్ పర్చేజ్, చూడరు. ఫైనాన్స్ తీరిపోయిందని నోటిమాట చాలదు. వాళ్ళిచ్చే ఎన్‌వోసీ, ఫారం 35 చేతిలో ఉండాలి. ఛాసిస్ నంబరు నేను వేలితో తుడిచి, ఒక్కో అంకే చదివి సరిచూస్తాను. ట్రక్కు కూడా కొంటుంటే దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలని మర్చిపోకూడదు. బదిలీకి ఫారం 29, 30 సంతకాలు డబ్బు ఇచ్చే రోజే పెట్టించుకోవాలి.

ధర పెద్దాయన కొన్ననాటి బిల్లు చూపించి చెప్పారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త ట్రాక్టరు మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగిందండీ, కొత్తదే తగ్గినప్పుడు పాతదీ దిగాలి కదా అన్నాను. ఆయన నవ్వి, పేపరు మేమూ చదువుతామండి అన్నారు. క్లచ్ ప్లేటుకి కొంత, జీఎస్టీకి కొంత తగ్గించి, మధ్యలో ఒక అంకె దగ్గర ఇద్దరం ఆగాం. మా వాడు బయానా డబ్బు తీశాడు. పెద్దాయన చెయ్యి చాపలేదు.

"పొద్దుట్నుంచీ మీరు నా బండిని అడగాల్సినవన్నీ అడిగారు. నేనూ ఒకటి అడగనా బాబూ?"

"అడగండి."

"నా చేతుల్లో ఇది ఒక్క రోజు కూడా నీళ్ళలో దిగలేదు. దీన్ని మీరు దమ్ముకి దింపరు కదా?"

అబ్బే, కోకో తోటకేనండీ అందామని నోరు తెరిచి, మా బావమరిది వైపు చూశాను. వాడు గోనెపట్టా సర్దుతున్నాడు. చెరువు కింద వాడికి రెండెకరాల ఊడ్పు చేను ఉంది.