చూచినదానికే సాక్ష్యము

ధ్యానభాగము: మత్తయి 5:21–37

చిత్తూరు జిల్లా ఐరాల మండలములో బాహుదా నది యొడ్డున నున్న కాణిపాకము పేరు వినని తెలుగువారు అరుదు. అక్కడి వరసిద్ధి వినాయకుని యెదుట అబద్ధప్రమాణము చేసినవానికి కీడు తప్పదని మన పొరుగువారి నమ్మకము. గట్టు తగవులు, అప్పు తగవులు, దొంగతనపు అనుమానములు పెద్దమనుష్యుల యెదుట తెగనప్పుడు, “కాణిపాకములో ప్రమాణము చేయుదువా?” అని యడుగుట ఈ సీమలో పరిపాటి. ఇకమీదట తాగుడు ముట్టమని మాట యిచ్చుటకు అక్కడికి వచ్చువారును గలరు. రాజకీయ నాయకులు సహితము ఆ గుడికి రమ్మని ఒకరినొకరు సవాలు చేసికొందురు.

పొరుగువారి ఆచారముమీద తీర్పు తీర్చుట మన పని కాదు. అయితే అది మనకొక ప్రశ్న వేయుచున్నది. ఒక్కచోట నిలిచినప్పుడు మాత్రమే నిజము చెప్పుటకు భయపడుదుమేని, తక్కిన చోట్లనెల్ల మన మాట యేపాటిది? ఒట్టు అను ఊతకఱ్ఱ అక్కరలేనంతగా మన మాటయే నిజమై యుండవలెనని ప్రభువు కొండమీద బోధించెను. కోనేటి మెట్లమీద పలికిన మాటయు, టీ అంగడిలో పలికిన మాటయు ఆయన యెదుట ఒక్కటే.

ప్రియ చదువరులారా, ఈ దినములలో మనవారు తఱచుగా సాక్ష్యము పలుకుచున్న విషయములలో సినిమా యొకటి. ఆరాధన ముగిసి గుడి ఆవరణలో నిలిచిన యౌవనులను వినుడి. “ఆ చిత్రము చూచితివా? చాల బాగున్నదట.” “కాదు, ఏమియు లేదట.” ఈ “అట” యన్నదే మన రోగము. చూడనివాడు మెచ్చుకొనును, సగము చూచి నిద్రపోయినవాడు తీసివేయును. మన పెద్దలలో కొందరు ఒక్కటియు చూడకయే అన్నియు పాపమందురు. మన పిల్లలలో కొందరు సెల్‌ఫోనులో వచ్చినదంతయు చూచి, అంతయు మంచిదే యందురు. ఈ ఇరుతెగలవారును విచారణ లేకయే తీర్పు వ్రాసినవారు.

సినిమా అంతయు పాపమను పెద్దలకు ఒక సంగతి జ్ఞాపకము చేయుచున్నాను. 1978లో వచ్చిన కరుణామయుడు చిత్రమును ఊరూర తెరకట్టి చూపినప్పుడు సంఘములవారు చాపలు పఱచుకొని కూర్చుండి చూచిరి. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్, ప్రభువు పాత్రధారి విజయచందర్. అటుపిమ్మట అది అనేక భాషలలోనికి మార్చబడి, మన ప్రాంతము దాటి దూరపు పల్లెలకు చేరెను. తెర యొక్కటే, వెలుగు యొక్కటే. దానిమీద ఏమి చూపబడుచున్నదన్నదే ప్రశ్న. ప్రభువు పేరున్న ప్రతి చిత్రము మంచిది కాదు. ఆయన పేరు లేని ప్రతి చిత్రము చెడ్డదియు కాదు. కాబట్టి పేరును బట్టి గాక ఫలమును బట్టి యెఱుగవలెను. ఆ విధముగా ఇటీవలి మూడు చిత్రములను విచారింతము.

మొదటిది 2025 మార్చి 14న విడుదలయైన కోర్ట్. దర్శకుడు రామ్ జగదీశ్. కథ 2013 నాటి విశాఖపట్టణములో జరుగును. కావలివాని కుమారుడైన చందు అను పందొమ్మిదేండ్ల పిల్లవాడును, ధనవంతుల యింటి జాబిలి అను పదునేడేండ్ల బాలికయు ఒకరినొకరు ప్రేమింతురు. ఆ కుటుంబపు పరువునకు తానే కావలివాడనుకొను మంగపతి, ఆ పిల్లవానిమీద పోక్సో చట్టము క్రింద కేసు బనాయించును. సాక్షులు సిద్ధము చేయబడుదురు, కాగితములు సిద్ధము చేయబడును. సూర్యతేజ అను చిన్న వకీలు ఆ అబద్ధపు గోడను ఒక్కొక్క రాయిగా విప్పును.

తొమ్మిదవ ఆజ్ఞకు ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము ఇటీవలి తెలుగు తెరమీద నేను చూడలేదు. కూటసాక్షి తాను హత్య చేయుచున్నానని యెఱుగడు. తాను ఒక చిన్న మాట చెప్పితిననుకొనును, ఎవనికో ఉపకారము చేసితిననుకొనును. ఆ చిన్న మాటలు నాలుగు చేరి ఒక పిల్లవాని యౌవనమును చెఱసాలలో బంధించును. నాబోతును చంపినది రాళ్లు కావు. రాళ్లకు ముందు వచ్చిన ఇద్దరు మనుష్యుల మాట. మంగపతిగా శివాజీయు, వకీలుగా ప్రియదర్శియు తమ పాత్రలను చక్కగా పోషించిరి.

అయితే లోపములు చెప్పక విడుచుట కూడ సాక్ష్యమును దాచుటయే. మంగపతి కేకలు ఎంత బిగ్గరగా నున్నవనగా, ఆ యింట నిజము తెలిసియు నోరు మెదపనివారి పాపము మనకు వినబడదు. ఒక దుష్టుని చూచి కోపించి ఇంటికి పోవుట సులభము. భయపడి ఊరకుండినవారిలో తన ముఖము చూచికొనుట కష్టము. చిత్రము మనలను ఆ కష్టమునకు నడిపింపలేదు. మఱియొక జాగ్రత్త అవసరము. 2012 నాటి ఆ చట్టము పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను కాపాడుటకు పుట్టినది. ఈ కథలో ఫిర్యాదు అబద్ధమైనందున, లోకములో పిల్లలు చేయు ఫిర్యాదులన్నియు అబద్ధములని యెవడైన తలంచినయెడల, వాడు చిత్రమును చూచినవాడు కాడు. నోరు తెఱచి తన బాధ చెప్పుకొను బిడ్డను నమ్మక త్రోసివేయుట మంగపతి పాపమునకు తోబుట్టువు.

రెండవది 2023 మార్చి 3న వచ్చిన బలగం. దర్శకుడు వేణు యెల్దండి. తెలంగాణ పల్లెలో కొమురయ్య అను వృద్ధుడు మరణించును. పిట్ట ముట్టుడు నాడు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. చనిపోయినవాని మనస్సులో కొఱత యేదో మిగిలినదని ఊరు గుసగుసలాడును. ఆ కొఱత యేమనగా, బిడ్డలు విడిపోయి యుండుట. ఏండ్ల క్రిందట విందులో ఒక నల్లిబొక్క దగ్గర పుట్టిన మాట, బావ బావమఱదులను విడదీసి, ఆడబిడ్డకు పుట్టింటి గడప లేకుండ చేసినది.

ఆ సంవత్సరము తెలంగాణ పల్లెలలో ఊరివారందరు కూడి ఆరుబయట తెరకట్టుకొని ఈ చిత్రము చూచిరి. పంతములు పట్టిన అన్నదమ్ములు చూచిన పిమ్మట కలిసికొనిరని పత్రికలు వ్రాసెను. కాకి ముద్ద ముట్టుటను గూర్చిన నమ్మకము మన విశ్వాసము కాదు. అయినను ఆ కాకి మనకు ఒక మాట చెప్పుచున్నది. సహోదరునికి మనమీద ఏదైన వ్యథ యున్నదని తోచినప్పుడు అర్పణను బలిపీఠము నొద్దనే విడిచి, ముందుగా పోయి సమాధానపడుమని ప్రభువు చెప్పలేదా? ఆ కాకి తొలగిపోయినట్లు మన బల్ల యెదుటనుండి ఒక పిట్ట తొలగిపోయినయెడల, ప్రభురాత్రి భోజనమునకు ఎందరము ధైర్యముగా చేయి చాపుదుము? ఒకే సంఘములో ఒకే బెంచీమీద కూర్చుండి, ఏండ్ల తరబడి పలుకరించుకొనని దాయాదులు మనలో లేరా?

ఇందును ఒక లోటు కనబడుచున్నది. కడపటి పాటలో అందరు ఏడ్తురు, ఆ కన్నీళ్లలో పగ కొట్టుకొనిపోవును. కన్నీరు మంచిదే గాని, అది అప్పు తీర్చదు. జక్కయ్య ఏడ్చెనని లూకా వ్రాయలేదు. అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల చెల్లింతునని చెప్పెనని వ్రాసెను. ఏండ్లు పుట్టింటికి దూరమైన ఆడబిడ్డకు ఆ యేండ్లను ఎవరు తిరిగి యిత్తురు? “తప్పు నాది” అని పేరు పెట్టి ఒప్పుకొను మాట ఇంకను గట్టిగా వినబడినయెడల చిత్రము ఇంకను గొప్పదై యుండెడిది.

మూడవది 2021 మే 14న నెట్‌ఫ్లిక్సులో వచ్చిన సినిమా బండి. దీనిని నిర్మించిన రాజ్, డీకే అను ఇద్దరిలో ఒకరు తిరుపతివారు, ఒకరు చిత్తూరువారు. దర్శకుడు ప్రవీణ్ కాండ్రేగుల. ఆంధ్ర కర్ణాటక సరిహద్దున గొల్లపల్లి యను పల్లెలో వీరబాబు ఆటో నడుపును. ఎవరో ఆటోలో ఖరీదైన కెమెరా మఱచిపోవుదురు. సినిమా తీసి డబ్బు తెచ్చినయెడల ఊరు బాగుపడునని తలంచి, పెండ్లిండ్లకు ఫొటోలు తీయు గణపతిని కూడగట్టుకొని, మంగలి మరిడయ్యను నాయకునిగా, కూరగాయలమ్ము మంగను నాయికగా నిలుపును. ఆ యాస మన సీమ చెవికి దూరపుది కాదు. పేదవారిని పరిహసింపక, వారితోకూడ నవ్వు చిత్రములు కొద్ది. అందులో ఇది యొకటి.

కాని ఒక్క ప్రశ్న నవ్వులోనుండి తొంగిచూచును: ఆ కెమెరా ఎవరిది? తప్పిపోయిన యెద్దును గాని గొఱ్ఱెను గాని వస్త్రమును గాని చూచినవాడు చూడనట్లు పోక, సొంతదారునికి చేర్చవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము నియమించుచున్నది. వీరబాబు దుర్మార్గుడు కాడు. ఊరికొరకే చేయుచున్నాడు. అందుకే అతడు మనకు అపాయకరమైన దర్పణము. తనకొరకు దొంగిలించువాడు తాను దొంగనని యెఱుగును. సంఘముకొరకు, ఊరికొరకు అనుకొని పరుల సొత్తు వాడుకొనువాడు తాను సేవకుడననుకొనును. పోగొట్టుకొన్న యువతి వెదకుచుండుటను కూడ చూపుట ఈ చిత్రపు యథార్థత. అయితే ఆమె నష్టము ఇంకను బరువుగా తూచబడవలసినది.

ఇట్లు విచారించినప్పుడు, చిత్రమును గూర్చి మాట చెప్పుటకు మూడు నియమములు తోచుచున్నవి. మొదటిది, చూచినదానినే చెప్పుము. విన్నదానిని విన్నదనియే చెప్పుము. రెండవది, మేలును కీడును రెండును చెప్పుము. అభిమాన నటుడున్నాడని కీడును దాచకుము, గిట్టనివాడు తీసెనని మేలును దాచకుము. మూడవది, వినువాడెవడో యెఱిగి చెప్పుము. బలవంతునికి ఆహారమైనది బలహీనునికి అభ్యంతరము కావచ్చును. “చూడుము” అని చెప్పిన క్షణమున మన పొరుగువాని రెండు గంటలకును, వాని బిడ్డల కన్నులకును మనము పూటపడుచున్నాము.

ఆ చొప్పున నా మాట యిది. బలగం ఇంటిల్లిపాదియు కలిసి చూడుడి. ముఖ్యముగా మాటలు మానుకొన్న బంధువులున్న యిండ్లవారు చూచి, ఆ రాత్రియే ఫోను చేయుడి. కోర్ట్ చిత్రమును ఎదిగిన పిల్లలతోకూడ తలిదండ్రులు చూచి, చట్టమును గూర్చియు, పరువు అను విగ్రహమును గూర్చియు వారితో మనస్సు విప్పి మాటలాడుడి. పసిపిల్లలకు అది వలదు. సినిమా బండిని యౌవనుల కూటములలో చూచి, కెమెరా ఎవరిదన్న ప్రశ్నమీద ఒక సాయంకాలము చర్చించుడి. సంఘపు డబ్బు లెక్కలు చూచు పెద్దలు కూడ ఆ చర్చలో కూర్చుండిన మేలు.

కాణిపాకపు కోనేట మునిగినవాడు ఒక్క మాటకొరకు మునుగును. బాప్తిస్మపు నీళ్లలో మునిగిన మనము బ్రదుకంతటి మాటలకొరకు మునిగితిమి. ఎన్నికలలో గాని, పంచాయతిలో గాని, కడకు ఒక సినిమాను గూర్చి గాని, క్రైస్తవుడు చెప్పెనన్నయెడల దానికి వేఱు ప్రమాణము అక్కరలేదని మన పొరుగువారు అనుకొను దినము రావలెను. అట్టి నాలుకను ప్రభువు మనకు దయచేయును గాక.