చెవికి అందని పాదసూచిక

పుట అడుగున చిన్న అక్షరములలో వ్రాయు వివరణను, అనగా ఫుట్‌నోటును, కంటితో చదువువాడు ఎంత తేలికగా వాడుకొనునో గమనింపుడు. వాక్యము నడుమ కొంచెము పైకి ఒక చిన్న అంకె కనబడును. ఇష్టమున్నచో చూపు క్రిందికి దిగును; లేనిచో ముందుకు సాగిపోవును. చూపు లేని విద్యార్థికి ఈ వీలు ఉన్నదా అను ప్రశ్న నాకు చాలకాలము తోచలేదు. తోపించినది నేను వ్రాసిన పాఠమే.

అవగాడ్రో సంఖ్యను గురించి మా తరగతికి ఒక పీడీఎఫ్ పత్రము తయారుచేసితిని. అందు 6.022 × 10²³ అని వ్రాసి, ఆ వెంటనే పైన 4 అను సూచిక అంకె వేసితిని. 2019 మే 20 నుండి ఈ సంఖ్య విలువ 6.02214076 × 10²³ గా ఖచ్చితముగా నిర్ణయింపబడినదని నా నాల్గవ పాదసూచిక. చూపు లేని ఒక విద్యార్థి తెరచదువరితో, అనగా తెరపైని అక్షరములను పలికి వినిపించు ప్రోగ్రాముతో, దానిని విని వచ్చి అడిగినాడు: “ఈ పదివేల రెండువందల ముప్పై నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది సార్?” 10, 23, 4 మూడును కలిసి 10234 అయినవి! పైగా, రెండవ పుటకు సాగిన వాక్యము నడుమ ఆ సూచిక దూరి దానిని రెండు ముక్కలు చేసినది.

తప్పు ప్రోగ్రాముది కాదు. పీడీఎఫ్‌లో అట్టి అంకె చిన్నదిగా, పైకి జరిపి గీసిన అంకె మాత్రమే. అది ఘాతాంకమో, చదరపు మీటరులోని రెండో, సూచిక సంఖ్యయో తెలుపవలసినది వెనుక కట్టిన ట్యాగు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక అని ప్రతి ముక్కకు పేరుపెట్టి, చదువవలసిన క్రమమును చెప్పునవి ట్యాగులే.

ప్రమాణములను వ్రాసినవారును ఈ విషయమున చాల తాత్సారము చేసిరి. 2008 నాటి ఐ.ఎస్.ఓ. పీడీఎఫ్ ప్రమాణములో ‘నోట్’ అను ట్యాగు కలదు. దానిని ప్రస్తావించిన పేరాలోనే ఉంచవచ్చును, వేరొకచోట ఉంచి ‘రిఫరెన్స్’ ద్వారా చేరవచ్చును అని రెండు దారులు తెరచి విడిచినది. మొదటి దారిన పోయినచో వినువానికి వాక్యము మధ్యనే వివరణ అడ్డుపడవచ్చును. 2012లో వచ్చిన పీడీఎఫ్/యూఏ ప్రమాణము ప్రతి నోటుకు ప్రత్యేక గుర్తింపు ఉండవలెనన్నది. ఇంటికి నంబరు వేసినారు గాని బాట వేయలేదు! సూచికకు పోయినవాడు విడిచిన వాక్యమునకు తిరిగి రాగలడా? నా దృష్టిలో అసలు పరీక్ష అదియే. కంటితో చదువువానికి ఆ చోటు గుర్తుండును. చెవితో చదువువాడు పేరా మొదటి నుండి వెదకుకొనవలెను.

2017 నాటి పీడీఎఫ్ 2.0లో పాదసూచికలకును, గ్రంథము చివరనుంచు అంత్యసూచికలకును కలిపి ‘ఎఫ్ఈనోట్’ అను క్రొత్త ట్యాగు వచ్చినది. 2024 నాటి పీడీఎఫ్/యూఏ-2 పాత నోటును విడిచి, అంకె నుండి సూచికకు, సూచిక నుండి అంకెకు రెండువైపుల సంబంధము ఉండి తీరవలెనని విధించినది. ఈ చిన్న సంగతికి పన్నెండేండ్లు!

ఉపాధ్యాయులమైన మనము ఏమి చేయుచున్నాము? వర్డ్‌లో అంకెను టైపుచేసి పైకి జరిపి, పుట అడుగున గీత గీసి వివరణ వ్రాయుచున్నాము. యంత్రమునకు అది పాదసూచిక కాదు. రిఫరెన్సెస్ పట్టీలోని ‘ఇన్సర్ట్ ఫుట్‌నోట్’ నుండి చేర్చినచో అంకెకు వివరణకు సంబంధము ఏర్పడును. పిమ్మట ‘ప్రింట్’ నుండి గాక ‘సేవ్ యాజ్’ నుండి పీడీఎఫ్ తీయవలెను. ప్రింటు దారిన సాధారణముగా ట్యాగులు మిగలవు. ఘాతాంకము మాత్రము దీనితో బాగుపడదు. దానికి ‘ఫార్ములా’ ట్యాగును, పలుకదగిన ప్రత్యామ్నాయ పాఠమును ఇయ్యవలెను.

నా పత్రమును తిరిగి చేసితిని. నాల్గవ సూచికను తీసి పాఠములోనే కలిపితిని. అంత ముఖ్యమైన మాటను అసలు అడుగుకు త్రోయవలసినది కాదు. విద్యార్థి విన్నాడు. “ఇప్పుడు పది టు ది పవర్ ఇరవైమూడు అనే చదువుతోంది సార్. కాని మూడో ఫుట్‌నోట్‌లోకి వెళ్తే వెనక్కి రాలేకపోతున్నాను” అన్నాడు. ఆ పత్రము ఇంకను నా బల్లమీదనే ఉన్నది.