విశాఖపట్టణము: నామవిమర్శనము, క్షేత్రవిచారము

విశాఖపట్టణమను పేరున రెండు పదములు గలవు. అందు మొదటిది దేవతను స్ఫురింపఁజేయును. రెండవది యంగడిని స్ఫురింపఁజేయును. ఈ నగరచరిత్రమును జెప్పువారు పెక్కండ్రు మొదటి పదముపైననే దృష్టి నిలిపి, రెండవదానిని ఊరిపేళ్ల చివరఁ దగిలించు సామాన్యపదముగా నెంచి విడుచుచున్నారు. ఆ యుపేక్షవలన నగరస్వభావమే తాఱుమాఱుగాఁ జెప్పఁబడుచున్నది. కడలిలోఁ గలసినదను నొక దేవాలయమును మూలముగాఁ జూపి, కంటికెదురుగానున్న క్షేత్రసంబంధమును మఱచుట యిందలి ప్రధానదోషము.

లోకమునఁ బ్రచారమందున్న కథ యిది. ఆంధ్రరాజొకఁడు కాశీయాత్రకుఁ బోవుచు నీ తీరమున విడిసి, స్థలరామణీయకమునకు మెచ్చి, తన యిలవేలుపగు విశాఖేశ్వరునకు నేఁటి లాసన్సుబేకు దక్షిణమున గుడి కట్టించెను. పిమ్మటఁ గడలి యా గుడిని మ్రింగెను. ఊరికిఁ బేరు మాత్రము మిగిలెను. ఈ కథలో రాజునకుఁ బేరు లేదు. కాలమునకు నిర్ణయము లేదు. కొందఱు పదునొకండు పండ్రెండు శతాబ్దుల నడుమ నందురు, కొందఱు తరువాతి కాలమందురు. కథను జెప్పువారెవ్వరును ఆ గుడికిఁ జేసిన దానము నొక్కదానినైన శాసనమునుండి యుదాహరింపరు.

వ్యాకరణ మీ కథను నిరాకరింపదు. విశాఖానక్షత్రమునఁ బుట్టినవాఁడు విశాఖుఁడు. పాణినీయమున 4-3-34 సూత్రముచే జాతార్థప్రత్యయమునకు లుక్కు కలుగఁగా, 1-2-49 సూత్రముచే స్త్రీప్రత్యయమునకును లుక్కు కలిగి, విశాఖశబ్దము పుంలింగమై సిద్ధించును. అమరసింహుఁడు దీనిని కుమారస్వామి పర్యాయములలోఁ బఠించెను. విశాఖేశ్వరపట్టన మనుటలో నడిమిపదము జాఱుటయు నపూర్వము గాదు. సత్యభామను భామ యనునట్లు, పేళ్లలో నొక యవయవము లోపించుట శాస్త్రసమ్మతమే. అయితే వ్యాకరణము ‘ఇట్లు కావచ్చును’ అని చెప్పును గాని ‘ఇట్లయినది’ అని చెప్పదు. శబ్దసాధుత్వమును జరిత్రసత్యముగా భ్రమించుట పండితులకు సహజమైన ప్రమాదము.

ఆ సాధుత్వమే వేఱొక కథకును లభించుచున్నది. బావికొండ, తొట్లకొండ, పావురాలకొండ యను బౌద్ధస్థానములు సమీపముననుండుటచే, బుద్ధుని కాలమునాఁటి విశాఖ యను నుపాసిక పేర నీ యూరు వెలసినదని కొందఱందురు. అట్లయినచో విశాఖాపట్టన మని దీర్ఘముండవలదా యని యాక్షేపింపవచ్చును. కాని సంజ్ఞలయం దాబంతమునకు హ్రస్వము బహుళముగా వచ్చునని 6-3-63 సూత్రము చెప్పుచున్నది. కాఁబట్టి వ్యాకరణ మొక్కటియే తీర్పరియైనచో నుభయవాదులును గెలుతురు. అనఁగా నెవ్వరును గెలువరు.

మహాభాష్యమున 5-3-99 సూత్రవ్యాఖ్యానసందర్భమున శివుఁడు, స్కందుఁడు, విశాఖుఁడు అను మువ్వురి ప్రతిమలును వేఱువేఱుగాఁ బేర్కొనఁబడినవి. పతంజలినాఁటికి విశాఖుఁడు స్కందునికంటె భిన్నుఁడుగా నర్చింపఁబడినట్లు దీనివలనఁ దెలియును. అమరుని కాలమున కా భేదము నశించెను. ఆ సూత్రవిషయము సయితము చిత్రమైనది. జీవనోపాయమై యుండియు నమ్మకమునకుఁ గాని ప్రతిమను జెప్పునపుడు కన్‌ప్రత్యయము లోపించును. అమ్మకపుబొమ్మను జెప్పునపుడు నిలుచును. మౌర్యులు ధనాశచేఁ బ్రతిమలు చేయించిరను ప్రసంగ మచ్చటిదే. దేవత యెక్కడ ముగియును, పణ్య మెక్కడ మొదలిడును అను ప్రశ్న శబ్దశాస్త్రమునకుఁ దగిలిన చోటది. విశాఖనామ మా చోటనే కానవచ్చుట యాకస్మికమే యైనను, విశాఖపట్టణమునుగూర్చి యోచించువారు దానిని జ్ఞప్తియం దుంచుకొనఁదగును.

ఇఁక రెండవ పదము. వాస్తుశాస్త్రములలోఁ బట్టనమనఁగాఁ గేవలము పెద్దయూరు గాదు. మయమతాదులను జూచినచో ద్వీపాంతరములనుండి సరకులు దిగునది, క్రయవిక్రయములతోను నానాజాతులవారితోను నిండినది, సముద్రతీరమున నుండునది పట్టనము. తమిళులకుఁ బట్టినమనఁగా నేఁటికిని గడలియొడ్డే తోఁచును. తెనుఁగునఁ బట్టణశబ్ద మే యూరికైనను జెల్లుటచే నర్థము పలుచనయ్యెను. శాసనములయం దీ యూరికిఁ గులోత్తుంగచోడపట్టన మను మాఱుపేరు గలదు. విమర్శకులు మిక్కిలి పరికింపవలసిన సాక్ష్య మిది. రాజు తన పేరిడుకొనునపుడు మొదటి పదమును మార్చెనే కాని రెండవ పదమును ముట్టలేదు. తరువాత రాజు పేరును బోయినది. పట్టనమను నంశము మాత్ర మెన్నఁడును గదలలేదు. 1680 పైని నాంగ్లవర్తకులు కొటారు పెట్టినపుడును, 1933లో నౌకాశ్రయము తెఱవఁబడినపుడును, 1971లో నుక్కుకర్మాగారమునకు శంకుస్థాపన జరిగినపుడును ఊరు తన యుత్తరపదమునే సార్థకము చేసికొనెను. ‘వైజా’గని పరభాషీయులు నోటికివచ్చినట్లు కుదించినపుడు సయితము తెనుఁగువారు దానిని మఱల నుకారాంతము చేసి ‘వైజాగు’ అనిరి.

మఱి క్షేత్రమెక్కడ? కొండమీఁద. సింహాచలముననున్న శాసనములు దక్షిణభారతశాసనసంపుటములలో నాఱవదానియం దచ్చుపడియున్నవి. వానిలోఁ బ్రాచీనమైనది కులోత్తుంగచోడుని కాలపుది, 1098-99 నాఁటిది. అనఁగా నూరికిఁ దన పేరిడుకొన్న రాజు కాలముననే కొండమీఁది దేవునకు దానము జరిగినది. 1267-68 నాఁటి శాసనము గాంగరాజైన నరసింహదేవుని పేర జరిగిన యాలయనిర్మాణమును దెలుపును. శ్రీకృష్ణదేవరాయలు కళింగదండయాత్రలో 1516లోను మఱల 1519లోను జేసిన దానములు శాసనస్థములు. మనుచరిత్రావతారికలోఁ బెద్దన సింహాద్రి పేరెత్తుట యీ విజయమునుబట్టియే. సాగరతీరమందలి గుడికి శాసనము చూపనివారు, కొండమీఁది గుడికి నిన్ని యుండఁగా వానిని నగరచరిత్రమున మూలకుఁ ద్రోయుట తగదు.

ఈ దేవునిఁ జందనము కప్పియుండును. వైశాఖశుద్ధతృతీయనాఁడు మాత్రము నిజరూపదర్శనము. ఆ నాఁడును, వైశాఖ జ్యేష్ఠాషాఢ పూర్ణిమలందును మూఁడేసి మణుఁగుల చొప్పునఁ జందనము సమర్పింతురు. వైశాఖమనఁగా విశాఖతోఁ గూడిన పౌర్ణమాసి గల మాసమని 4-2-21 సూత్రసిద్ధము. విశాఖాయుక్తమైన పున్నమనాఁడే రెండవ చందనసమర్పణము. దీనిని బట్టి విశాఖనామమునకు మూఁడవ వ్యుత్పత్తి నొకదానిని గల్పింపవచ్చును. కాని యది మూఁడవ కట్టుకథ యగును, అంతకంటె నధికము గాదు. ఆషాఢపూర్ణిమవేళ జనులు కొండచుట్టు 32 కిలోమీటర్లు నడచి ప్రదక్షిణము చేయుదురు. దారిలోఁ గడలిస్నానమును గలదు. ఆ వలయమునఁ గ్రొత్తపేటలనేకములు చొచ్చినవి. పాతయూరు, కోటవీధి, అంగళ్లు వలయమునకు వెలుపల దక్షిణమున మిగిలినవి. శ్రీరంగమువలెఁ బ్రాకారములే వీధులైన యూరు గాదిది. క్షేత్రమొక చోటను బట్టన మొక చోటను నుండి, పరస్పరము రాకపోకలుగల జంట.

ఈ జంటను వాఙ్మయ మెట్లు గ్రహించినది? స్కాందపురాణాంతర్గతమని చెప్పఁబడు క్షేత్రమాహాత్మ్యము ప్రహ్లాదునిఁ బురూరవునిఁ జెప్పును; దానికిఁ బట్టనముతోఁ బని లేదు. మాహాత్మ్యముల తీరదియే, తప్పుపట్టవలసినది గాదు. పదుమూఁడవ శతాబ్దివాఁడని చెప్పఁబడు కృష్ణమాచార్యుఁడు సింహగిరినరహరిని సంబోధించి వచనములు వ్రాసి, దేవునితో మాటలాడుటకు ఛందస్సక్కఱలేదని చూపెను. అది సామాన్యమైన మేలు గాదు. తరువాత వచ్చిన సంకీర్తనకర్తలకుఁ ద్రోవ తెఱచినది. కాని యాయన దృష్టియుఁ గొండపైననే.

కొండను దీరమును నొక్క భయమునఁ గలిపిన కవి పదునెనిమిదవ శతాబ్దివాఁడగు గోగులపాటి కూర్మనాథకవి. ఈతని సింహాద్రి నారసింహశతకము సీసములతో నడచిన నిందాస్తుతి. సీమపైకి దండు వచ్చినపుడు ఊరకున్న దేవునిఁ గవి దెప్పుచు, ఎత్తిపొడుచుచు, వాడుకమాటలతోఁ దఱుముచుఁ బోవును. శతకము నడుమఁ దుమ్మెదలు కొండగుహలనుండి వెడలి దండును దఱిమినవనియు, విశాఖచెంతఁ దుమ్మెదలమెట్టకడఁ గథ ముగిసినదనియు నైతిహ్యము. తుమ్మెదల మాట యెట్లున్నను, నింద స్తుతిగా మాఱుట శతకపాఠమున స్పష్టము. ఆలంకారికులు నిందాస్తుతిని వ్యాజస్తుతిలోఁ జేర్చి సంతుష్టి పడుదురు. అది చాలదు. వ్యాజస్తుతియందు నింద పైపూఁత. ఇచ్చట నింద నిజమైనది, ఆర్తి నిజమైనది. రక్షింపవలసినవాఁడు రక్షింపనపుడు ఇంటివాఁడు పెద్దనడుగునట్లు కవి యడుగుచున్నాఁడు. ఈ యాత్మీయత మాహాత్మ్యమున దొరకదు.

ఆ యాత్మీయతయే పాతయూరి యంగళ్లలో నేఁటికిని గానవచ్చును. అందుఁ బూర్ణా మార్కెట్టు ముఖ్యము. ఈ పేరే వైయాకరణునిఁ గాసేపు నిలువఁబెట్టును. సంస్కృతపు టాకారాంతస్త్రీలింగములు తత్సమములగునపుడు రమ, సీత యనునట్లు హ్రస్వాంతములగుట తెనుఁగుమర్యాద. దానిఁబట్టి పూర్ణ యనవలెను. దీర్ఘము నిలిచియుండుట యా పేరు పండితులనోట గాక బజారునోటఁ బెరిగినదనుటకు గుఱుతు. పంచమీదశమీపూర్ణిమలను బూర్ణాతిథులందురుగదా యని యర్థము వెదకఁబోయినచో నవ్వులపాలగుదురు. ఆ యంగడికి సర్దార్ వల్లభభాయి పటేలు నామము వ్రాతలో నున్నను జనులు పూర్ణా మార్కెట్టనే యందురు. కులోత్తుంగుని పేరునకుఁ బట్టిన గతియే దీనికినిఁ బట్టినది. కూరలు, పండ్లు, కొబ్బరికాయలు, పసుపుకుంకుమలు నచ్చట నమ్ముదురు. సమీపమున బురుజుపేటయందుఁ గనకమహాలక్ష్మి గలదు. బావిలో దొరకినదని యైతిహ్యముగల యీ దేవతకు గర్భగృహమునఁ గప్పు లేదు, ఎడమచేయి ఖండితము. ఖండితవిగ్రహ మర్చకు ననర్హమని యాగమములు చెప్పుచుండఁగా, మార్గశిరగురువారములందు జనులు వరుసగట్టి, తమ చేతులతోనే పసుపుకుంకుమలు సమర్పించుచున్నారు. కురుపాం మార్కెట్టుకడఁ గన్యకాపరమేశ్వరికి నవరాత్రములయందు వర్తకులు నగలతోను గరెన్సీనోట్లతోను నలంకారము చేసి, పిదప వానిని దెచ్చినవారు తిరిగి తీసికొందురు. పణ్య మొకదినము దేవతాభరణమై మఱునాఁడు పణ్యమగును. భాష్యకారుని ప్రశ్న యిచ్చట సూత్రమునఁ గాక వీధిలో నున్నది.

అన్నిటికంటె బలమైన సాక్ష్యము మనుష్యనామములు. అంగడిలో నొక జాము నిలిచినచో సింహాచలము, సింహాద్రి, అప్పన్న, అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనరసమ్మ యను పిలుపులు వినవచ్చును. ‘అప్ప’యనఁగాఁ దండ్రి, ‘అన్న’ యనఁగా నగ్రజుఁడు. రెండును గలిపి దేవునిఁ బిలుచుట కళింగాంధ్రుల చొప్పు. తెనుఁగున నప్ప యనఁగా నక్కయు నగును. కాన పేరు స్త్రీపురుషు లిరువురకును జెల్లుటకు భాషయే చోటిచ్చినది. సింహాచలమను పేరు మఱియు విచిత్రము. ముప్రత్యయాంతమగు క్షేత్రనామము, అమహద్వాచకము. అది మగవానికిని నాఁడుదానికిని బేరై, క్రియలో నొకప్పుడు ‘వచ్చుచున్నాఁ’డని మహత్తుగా మాఱును. నూకాంబికపేర నూకరాజులు, పైడితల్లిపేరఁ బైడిరాజులు నీ సీమలో నెందఱో కలరు. విశాఖేశ్వరుని పేరు పెట్టుకొన్నవారు వినఁబడుట మిక్కిలి యరుదు. గుడి మునిఁగినంతమాత్రమునఁ బేళ్లు మునుఁగవు; తాతపేరు మనుమనికిఁ బెట్టు నాచారముగల దేశమునఁ బేరు గుడికంటె దీర్ఘాయువు. విశాఖేశ్వరకథ యూరిపేరునుండి పుట్టినదే కాని, యూరిపేరు గుడినుండి పుట్టలేదనుట కిది సంపూర్ణప్రమాణము గాకపోయినను, కథకులు చూపినదానికంటె బలీయమైనది.

ఈ సాక్ష్యమును బరీక్షించుటకు శిలాశాసనములను వెదకఁబోనక్కఱలేదు. పాఠశాలాపండితుల చేతనే హాజరుపట్టీలున్నవి. పాతయూరు, కంచరపాలెము, గోపాలపట్టణము, భీమునిపట్టణము, అనకాపల్లి పాఠశాలలలోఁ బిల్లలయు, వారి తండ్రులయు, తాతలయుఁ బేళ్లను వ్యక్తులు తెలియకుండ మొదటి నామము మాత్రము గ్రహించి, దేవతలవారీగా నెక్కించినచో మూఁడుతరముల పట్టిక యేర్పడును. అప్పలనామములు కొండకు దూరమగుకొలఁది తగ్గునా, ఏ తావున నూకనామములకుఁ జోటిచ్చును, కడలియొడ్డుపల్లెలలో నేవి మిగులును అనునవి తొలుత లెక్కింపవలసినవి. విశాఖశబ్దముగల పేరొక్కటి దొరకినను దానిని విడువక, తాత పుట్టిన యూరితోఁ గూడ వ్రాసికొనవలెను.