తెరపై మనోవ్యాధి: కల్పన యెంత, శాస్త్రం యెంత?

ప్రసిద్ధ గణితశాస్త్రవేత్త జాన్ ఫోర్బ్స్ నాష్ జీవితం ఆధారంగా 2001లో అమెరికాలో విడుదలైన ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ అనే చలనచిత్రానికి ఉత్తమ చిత్ర బహుమతితో సహా 4 ఆస్కార్ బహుమతులు లభించినవి. రాన్ హోవర్డ్ దర్శకుడు. నాష్ పాత్రను రస్సెల్ క్రో ధరించాడు. మనోవ్యాధి సోకినవానిని హంతకుడుగానో, విదూషకుడుగానో చూపడం పరిపాటియైన రంగంలో, అట్టివానిని ఒక మనిషిగా, భర్తగా, అధ్యాపకుడుగా చూపిన చిత్రం ఇది. ఆ ప్రశంస దానికి దక్కవలసినదే. అయితే నిజంగా జీవించిన శాస్త్రవేత్త కథ గనుక, ఇందులో కనిపించేదంతా వైద్యశాస్త్ర సమ్మతమని ప్రేక్షకులు అనుకోవడం సహజం. ఆ నమ్మకం ఎంతవరకు చెల్లుతుందో చూడవలసి ఉన్నది.

కథ ఇట్లా నడుస్తుంది. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో చేరిన నాష్‌కు చార్లెస్ అనే గది మిత్రుడు దొరుకుతాడు. కొంతకాలానికి చార్లెస్ మేనకోడలు, చిన్న పాప, పరిచయమవుతుంది. పార్చర్ అనే ప్రభుత్వోద్యోగి వచ్చి, శత్రువుల రహస్య సంకేతాలను పత్రికలలో నుండి వెలికితీసే పని అప్పగిస్తాడు. చిత్రం దాదాపు సగం నడిచేవరకు ప్రేక్షకుడు ఈ ముగ్గురినీ నమ్ముతాడు. తరువాత తెలుస్తుంది, వీరిలో ఒక్కరూ లేరని!

ఇది కేవలం కథా చమత్కారం కాదు. మనోవ్యాధిగ్రస్తునితో ఇంటివారు చేసే మొదటి పొరపాటు వాదించడం. “అక్కడ ఎవరూ లేరు, నీకు కనబడడం లేదా?” అని గద్దిస్తారు. తన అనుభవాన్ని తాను ఎందుకు శంకించలేడో రోగి వివరించలేడు. ఈ చిత్రం చూసినవాడు ఒక గంటసేపు తానే మోసపోయి ఉంటాడు గనుక, ఆ సంగతి అతనికి వేరుగా బోధించనక్కరలేదు. ఇంతటి పనిని పాఠ్యగ్రంథం చేయజాలదు.

కాని ఈ మేలుకు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. నాష్‌కు నిజంగా ఇట్టి మనుషులెవరూ కనిపించలేదు.

ఇక్కడ రెండు మాటలకు భేదం తెలియాలి. కానిదానిని నిజమని గట్టిగా నమ్మడం భ్రాంతి. ఎన్ని రుజువులు చూపినా ఆ నమ్మకం సడలదు. లేనిది ఉన్నట్లు కంటికో, చెవికో, మరొక ఇంద్రియానికో తోచడం విభ్రమం. స్కిజోఫ్రీనియా అనే వ్యాధిలో, దీనినే తెలుగులో మనోవిదళనం అంటారు, ఈ రెండూ ఉండవచ్చును. నాష్‌కు 1959లో, 30 ఏళ్ళ వయస్సులో, వ్యాధి భ్రాంతులతో ఆరంభమయినది. ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రికలో తనకొక్కనికే అర్థమయ్యే సందేశాలు అచ్చవుతున్నవని ఆయన నమ్మారు. ఎర్ర టైలు కట్టుకొన్నవారంతా ఒక కుట్రలో భాగస్వాములని నమ్మారు. అంటార్కిటికాకు తాను చక్రవర్తి కానున్నానని నమ్మారు. కొన్ని సంవత్సరాల తరువాత స్వరాలు వినిపించసాగినవి. అవి కూడా టెలిఫోనులో ఎవరో మాట్లాడినట్లు తలలోపల వినిపించినవే గాని, ఎదుట కుర్చీలో కూర్చున్న మిత్రులు మాట్లాడినవి కావు.

ఈ వ్యాధిలో విభ్రమాలు చాలవరకు చెవికి సంబంధించినవి. ఎవరో తిట్టినట్లు, ఆజ్ఞాపించినట్లు, తన పనులను గురించి తమలో తాము వ్యాఖ్యానించుకొంటున్నట్లు రోగికి వినిపిస్తుంది. మనిషి తనలో తాను అనుకొనే మాటలను మెదడు ‘ఇవి నావే’ అని గుర్తించే యేర్పాటులో లోపం రావడం దీనికి కారణమై ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల ఊహలలో ఒకటి. రూపాలు కనబడడం లేకపోలేదు గాని అది తక్కువ. ఒక వ్యక్తికి అకస్మాత్తుగా లేని మనుషులో, పురుగులో కనబడుతున్నవంటే వైద్యుడు మొదట వేరే కారణాలు వెదకుతాడు: తీవ్రమైన జ్వరంలో వచ్చే సంధి, దీర్ఘకాలం తాగిన మద్యం ఒక్కసారిగా మానడం, మాదక ద్రవ్యాలు, మెదడుకు సంబంధించిన వ్యాధులు. చలనచిత్రం ప్రధానంగా కంటికి విందు చేసే కళ గనుక వినికిడిని చూపుగా మార్చవలసి వచ్చినదని సమర్థించవచ్చును. నిజమే. అయినా ఈ చిత్రం చూసినవాడు తన తమ్మునికో, శిష్యునికో ఇట్టి వ్యాధి వచ్చినపుడు, “వీడికి ఎవరూ కనబడడం లేదు గదా, ఇది ఆ జబ్బు కాదు” అనుకొంటే ఆ తప్పు ఎవరిది?

రెండవ సంగతి కాలక్రమానికి సంబంధించినది. చిత్రంలో చార్లెస్ నాష్ విద్యార్థి దశలోనే ప్రత్యక్షమవుతాడు. అనగా గొప్ప సిద్ధాంతమూ, వ్యాధీ ఒకే గదిలో పుట్టినట్లు చూపినారు. వాస్తవంలో నాష్ తన పేరు మోసే సమతాస్థితిని ప్రతిపాదించిన పరిశోధన వ్యాసం సమర్పించినది 1950లో. అప్పటికి ఆయనకు 22 ఏళ్ళు నిండలేదు. ఆ వ్యాసం 30 పుటలైనా లేదు. వ్యాధి బయటపడినది ఆ తరువాత 9 సంవత్సరాలకు. మధ్యమధ్య తెరపి దొరికినపుడు ఆయన కొన్ని మంచి వ్యాసాలు వ్రాసిన మాట నిజమే గాని, మొత్తం మీద వ్యాధి ఆయన గణితాన్ని మింగినదే గాని పెంచలేదు. మేధకూ ఉన్మాదానికీ చుట్టరికం కలిపే పాత నమ్మకం మన సమాజంలోనూ గట్టిగానే ఉన్నది. ‘అతి చదువు చదివి మతి పోయినది’ అనే మాట వినని ఊరు ఉండదు. ఈ చిత్రం ఆ నమ్మకానికి తెలియకుండానే ఊతమిచ్చినది.

గణితం విషయంలోనూ చిత్రం తప్పటడుగు వేసినదని విద్యార్థులు గమనింపవచ్చును. ఒక పానశాలలో నలుగురు మిత్రులు ఒకే అందగత్తెను కోరుకొంటే అందరూ భంగపడతారు గనుక, ఆమెను విడిచి ఆమె స్నేహితురాండ్రతో మాట కలపడమే మేలని నాష్ సూత్రీకరిస్తాడు. కాని నాష్ సమతాస్థితి అంటే, తక్కినవారు తమ నిర్ణయాన్ని మార్చుకోనంతవరకు, తానొక్కడే మార్చుకొని ఎవడూ లాభపడలేని స్థితి. ముగ్గురు ఆమెను విడిచిపెట్టిన తరువాత నాల్గవవాడు ఆమె వద్దకు పోతే అతనికి లాభమే గదా! నాష్ కనుగొన్నదాని పేరు మీద నాష్ కనుగొననిదానిని చూపినారు.

చికిత్స విషయానికి వస్తే చిత్రం కొంత నిజాయితీ పాటించినది. రోగికి ఇన్సులిన్ ఎక్కించి స్పృహ పోగొట్టే చికిత్స తెరమీద భయంకరంగా ఉంటుంది. అసలు చికిత్స కూడా భయంకరమైనదే. 1961లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్ ఆసుపత్రిలో నాష్‌కు దానిని చేశారు. 1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజిన్ అనే మందును మనోవ్యాధులకు వాడడం ఆరంభించిన తరువాత ఈ ఇన్సులిన్ పద్ధతి క్రమంగా వెనుకబడి చివరకు మాయమయినది.

కాని మందుల దగ్గరే ఈ చిత్రంలోని అన్నిటికంటె చిక్కైన అబద్ధం ఉన్నది. 1994లో, నోబెల్ బహుమతి సందర్భంలో, తాను కొత్త మందులు వాడుతున్నానని తెరమీది నాష్ ఒక మాట అంటాడు. నిజమైన నాష్ 1970 తరువాత మందులు వాడలేదు. ఆ మాట రచయిత కావాలని చేర్చినది. నాష్ మందులు మానివేసి బాగుపడినాడని చూపితే, చిత్రం చూసిన రోగులు తమ మందులు మానివేస్తారని భయపడి అట్లా వ్రాసినారని నాష్ స్వయంగా అన్నారు.

ఈ భయం ఉత్తది కాదు. మనోవిదళనంలో మందులు అర్ధాంతరంగా మానిన వారిలో చాలామందికి వ్యాధి తిరగబెడుతుంది. నాష్ వలె మందులు లేకుండా కోలుకొనేవారు కొద్దిమంది. ఎవరు ఆ కొద్దిమందిలో ఉంటారో ముందుగా చెప్పగల పరీక్ష ఏదీ లేదు. కనుక వేలాది కుటుంబాల క్షేమం కోరి పలికిన అబద్ధం ఇది. అయినా శాస్త్రదృష్టితో చూసినపుడు సమాధానపడడం కష్టం. ‘ఈయన మందులు లేకుండా కోలుకొన్నారు, ఇది అరుదు, అందరికీ వర్తించదు’ అని చెప్పడానికి ఒక్క సంభాషణ చాలును. ప్రేక్షకునికి నిజం చెబితే అపార్థం చేసుకొంటాడనుకోవడం అతనిని చిన్నపిల్లవాడుగా చూడడమే. ఆ నిజం ఎట్లాగూ దాగలేదు. దానిని తరువాత పత్రికలలో చదివినవాడు, మందులను గురించి చిత్రం చెప్పిన తక్కిన మంచిమాటలను కూడా శంకిస్తాడు.

కోలుకొన్న తీరు కూడా తెరమీద ఒక్క క్షణానికి కుదించుకుపోయినది. ఏండ్లు గడిచినా ఆ పాప పెరగడం లేదని నాష్‌కు స్ఫురిస్తుంది, అంతటితో కన్ను తెరుస్తాడు. దృశ్యం బాగున్నది. ఇందులో సత్యబీజం కూడా ఉన్నది. తన భ్రాంతిపూరితమైన ఆలోచనలను వ్యర్థప్రయాసగా గుర్తించి, బుద్ధిపూర్వకంగా ఒక్కొక్కటిగా తోసిపుచ్చడం నేర్చుకొన్నట్లు నాష్ తన ఆత్మకథా వ్యాసంలో వ్రాశారు. అయితే అది ఒక రాత్రి పని కాదు. ఆసుపత్రులలో చేరడం, విడుదల కావడం, మళ్ళీ చేరడం 1960వ దశకమంతా సాగినది. ఆ పైన మరో రెండు దశాబ్దాలు నెమ్మదిగా గడిచినవి.

ఆ కాలమంతా ఆయనను నిలబెట్టిన మనిషి విషయంలోనూ చిత్రం సగమే చెప్పినది. భార్య అలీషియా భౌతికశాస్త్రం చదివినవారు. తెరమీద ఆమె ఒక్కనాడైనా భర్తను విడువదు. నిజానికి 1963లో వారికి విడాకులు అయినవి. 1970లో ఆమె ఆయనను తిరిగి ఇంటిలో చేర్చుకొన్నారు. అప్పుడు భర్తగా కాదు, ఇంట్లో మకామున్న మనిషిగా! ఉద్యోగం చేస్తూ ఇల్లు నడిపారు. 2001లో వారు మళ్ళీ వివాహం చేసుకొన్నారు. విడిపోయి కూడా దిక్కులేనివానిని విడిచిపెట్టని ఈ కథ, తెరమీది పతివ్రత కథకంటె ఎంతో గొప్పది. రోగిని సాకే ఇంటివారికి అలసట, కోపం, తప్పుకోవాలనే కోరిక కలుగుతవి. వాటిని దాచివేసిన చిత్రం వారిని మరింత ఒంటరివారిని చేస్తుంది.

ఈ ఒక్క విషయంలో 1960 నాటి తెలుగు చిత్రం ‘చివరకు మిగిలేది’ ముందంజలో ఉన్నదని చెప్పవచ్చును. (బుచ్చిబాబు నవలకూ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు. 1959 నాటి బెంగాలీ చిత్రం ‘దీప్ జ్వేలే జాయ్’ కథ ఇది.) ప్రేమ నటించి రోగిని బాగుచేయవలసిన నర్సుగా సావిత్రి నటించారు. ఆ చికిత్సా పద్ధతికి శాస్త్రాధారం లేదు. ఏ వైద్యుడూ దానిని అంగీకరించడు. కాని సేవ చేసే మనిషి మనస్సు కూడా అరిగిపోతుందని, చివరకు ఆమెకే సేవ కావలసి వస్తుందని ఆ చిత్రం నిస్సంకోచంగా చూపినది.

తరువాత వచ్చిన చిత్రాలలో ఈ సున్నితత్వం తగ్గినది. 2005లో తమిళం నుండి తెలుగులోకి వచ్చిన ‘చంద్రముఖి’, ‘అపరిచితుడు’ రెండింటిలోనూ ఒకే శరీరంలో వేరు వేరు మనుషులు కాపురముంటారు. ఒకదానిలో పగబట్టిన నర్తకి, రెండవదానిలో గరుడపురాణం ప్రకారం శిక్షించే హంతకుడు. చంద్రముఖికి మూలం 1993 నాటి మలయాళ చిత్రం. అందులో రోగి మరొక వ్యక్తిగా మారినపుడు తమిళం మాట్లాడుతుంది. తమిళ చిత్రంలో తెలుగు మాట్లాడుతుంది. ఉన్మాదం ఎప్పుడూ పొరుగువారి భాషలోనే పలుకుతుంది కాబోలు! ఈ చిత్రాలలో చూపదలచినది బహుళ వ్యక్తిత్వం అనే వేరొక స్థితి. మనోవిదళనానికీ దానికీ సంబంధం లేదు. స్విస్ వైద్యుడు బ్లాయిలర్ 1908లో స్కిజోఫ్రీనియా అనే పేరు పెట్టినపుడు, ఆలోచన, అనుభూతి, సంకల్పం ఒకదానితో ఒకటి పొత్తు కుదరక విడిపోవడమని ఆయన భావం. ‘చీలిన మనస్సు’ అనే ఆ గ్రీకు పదార్థాన్ని లోకం ‘ఇద్దరు మనుషులు’గా అర్థం చేసుకొన్నది, సినిమా దానికి వేషం కట్టినది. ఈ రోగులలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. ఇతరులచేత హాని పొందేవారే వారిలో ఎక్కువ.

ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అది ఎక్కువగా తలయెత్తేది 15 మొదలు 30 ఏళ్ళ లోపున. ఉన్నత పాఠశాల పై తరగతులు ఆ వయస్సు వాకిట్లోనే ఉన్నవి. కాని అక్కడ ఉపాధ్యాయునికి కనబడేది చార్లెస్ కాదు, చంద్రముఖి అంతకంటె కాదు. బాగా చదివే బాలుడు వెనుక బెంచీకి జరుగుతాడు. మిత్రులతో మాట మానుతాడు. స్నానం, నిద్ర, తిండి క్రమం తప్పుతవి. ఎవరో తనను గురించి మాట్లాడుకొంటున్నారని అనుమానిస్తాడు. ఒంటరిగా ఉన్నపుడు ఎవరికో జవాబు చెబుతున్నట్లు పెదవులు కదలుతవి. ఇవి వేరే దిగులు వల్ల కూడా రావచ్చును గనుక నిర్ణయం వైద్యునిదే. చికిత్స ఎంత త్వరగా మొదలైతే ఫలితం అంత బాగుంటుంది. ఆ తొలి నెలలలో తరగతిలోని తోటివారు చేసే మొదటి పని ‘ఎర్రగడ్డకు పంపండి’ అని నవ్వడం. ఆ మాట వారికి సినిమా హాస్యగాళ్ళు నేర్పినదే. 2022 నుండి దేశమంతటా పనిచేస్తున్న 14416 అనే ఉచిత టెలిఫోను సంఖ్యకు తెలుగులో మాట్లాడినా సలహా చెబుతారు. ఏ చిత్రంలోనైనా ఒక పాత్ర ఆ సంఖ్యను తిప్పినట్లు ఒక దృశ్యం ఉంటే బాగుండును.

‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ చివరలో ప్రిన్‌స్టన్ ఆచార్యులు ఒక్కొక్కరే వచ్చి, గౌరవసూచకంగా నాష్ ముందు తమ కలములు ఉంచుతారు. అట్టి ఆచారం ఆ విశ్వవిద్యాలయంలో లేదు. నోబెల్ సభలో భార్యను ఉద్దేశించి చేసినట్లు చూపిన ప్రసంగం కూడా జరగలేదు. జరిగినది వేరు. సుమారు రెండు దశాబ్దాలపాటు మాసిన దుస్తులతో ఒక మనిషి గణితశాఖ భవనంలో తిరుగుతూ, నల్లబల్లల మీద అర్థంకాని సంఖ్యలు, సందేశాలు వ్రాసిపోయేవాడు. విద్యార్థులు ఆయనకు భవనపు భూతమని పేరు పెట్టుకొన్నారు. కాని ఆయనను ఎవరూ అక్కడినుండి వెళ్ళగొట్టలేదు.