రాజ్యం వేరు, ప్రజలు వేరు: అమెరికా ఇజ్రాయెల్ విధానం – యూదు వ్యతిరేకత



అమెరికా రాజకీయాల వార్తలు చదివేటప్పుడు మీకు రెండు వాదాలు తరచూ ఎదురవుతాయి. ఇజ్రాయెల్‌ను విమర్శించేవారు యూదు వ్యతిరేకులన్నది మొదటిది. ఇజ్రాయెల్‌ను గట్టిగా సమర్థించే నాయకుడిలో యూదు ద్వేషం ఉండే అవకాశమే లేదన్నది రెండవది. ఈ రెండింటినీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక రాజ్యం పట్ల వైఖరిని, ఒక ప్రజాసమూహం పట్ల వైఖరిని వేర్వేరుగా కొలవాలని, ఒకదాన్ని చూసి రెండవదాన్ని తేల్చకూడదని నా వాదన.

ముందుగా పదాలు. యూదులు ఒక మతానికి, వంశ పరంపరకు చెందిన ప్రజలు. అనేక దేశాల పౌరులు. ఇజ్రాయెల్ 1948లో ఏర్పడిన రాజ్యం. యూదులకు సొంత రాజ్యం కావాలన్న రాజకీయ ఉద్యమం జియోనిజం. మన పత్రికల్లో ఈ మూడు మాటలూ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

తేడా తెలియడానికి మనం దూరం వెళ్లనక్కరలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న యూదు సమాజం ఉంది. వీరు క్రైస్తవం స్వీకరించిన మాదిగ కుటుంబాల వారు. తాము ఇజ్రాయేలీయుల పూర్వపు గోత్రాలలో ఒకదానికి చెందినవారమని 1980ల చివర ప్రకటించుకున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరిపై చేసిన పరిశోధన 2013లో పుస్తకంగా వచ్చింది. వీరు తెలుగువారు, భారత పౌరులు. ఇజ్రాయెల్ ప్రభుత్వ నిర్ణయాలలో వీరికి పాత్ర లేదు. గాజా యుద్ధాన్ని ఖండిస్తూ గుంటూరులో ఎవరైనా ఊరేగింపు తీస్తే అది రాజకీయ విమర్శ. అదే కోపంతో కొత్తరెడ్డిపాలెం ప్రార్థనా మందిరంపై రాయి వేస్తే అది యూదు ద్వేషం. రెండు పనులకూ కారణం ఒకటే అని చెప్పుకోవచ్చు. కాని రెండవదానిలో శిక్ష పడేది ఆ యుద్ధంతో సంబంధం లేనివారికి.

ఇక సమర్థన సంగతి. బ్రిటిష్ ప్రధానిగా ఆర్థర్ బాల్ఫోర్ 1905లో విదేశీయుల చట్టం తెచ్చారు. తూర్పు ఐరోపా నుంచి వచ్చే యూదులను అడ్డుకోవడం దాని ముఖ్య లక్ష్యం. పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం వాగ్దానం చేసిన 1917 ప్రకటన కూడా ఆయన పేరు మీదే ఉంది. ఆ ప్రతిపాదనను మంత్రివర్గంలో ఎదిరించిన వ్యక్తి పేరు మీరు భారతదేశ చరిత్రలో చదివారు: మాంటేగు–ఛెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగు. ఆయన స్వయంగా యూదుడు. భారతదేశానికి బాధ్యతాయుత ప్రభుత్వం గురించి 1917 ఆగస్టులో ప్రకటన చేసిన ఆయనే, అదే నెలలో తన ప్రభుత్వ పాలస్తీనా విధానాన్ని యూదు వ్యతిరేకంగా అభివర్ణిస్తూ నోట్ రాశారు. యూదుల దేశం పాలస్తీనా అని ప్రకటిస్తే మిగతా దేశాలు తమ యూదు పౌరులను పరాయివారిగా చూస్తాయన్నది ఆయన భయం.

అమెరికాలో నిక్సన్ ఉదాహరణ ఇంకా స్పష్టం. 1973 అక్టోబరు యుద్ధంలో ఆయన ఇజ్రాయెల్‌కు విమానాల ద్వారా భారీగా ఆయుధాలు పంపించారు. ఆయన కార్యాలయంలో రికార్డయిన టేపులలోనే యూదులను కించపరిచే మాటలు ఎన్నో ఉన్నాయి. ఒకే మనిషి, ఒకే పదవీకాలం. కాబట్టి రెండవ వాదం నిలవదు.

మొదటి వాదాన్ని అమెరికా చట్టసభ అధికారికం చేయడానికి ప్రయత్నించింది. జియోనిజం వ్యతిరేకత యూదు వ్యతిరేకతే అని చెప్పే తీర్మానాన్ని 2023 డిసెంబరులో ప్రతినిధుల సభ 311–14 ఓట్లతో ఆమోదించింది. 92 మంది ఎటూ ఓటు వేయకుండా కేవలం హాజరు నమోదు చేయించుకున్నారు. యూదు సభ్యుడు జెరాల్డ్ నాడ్లర్ ఆ సమీకరణాన్ని తప్పుపట్టారు. అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి 2016లో ఆమోదించిన నిర్వచనాన్ని విద్యాసంస్థలపై ఫిర్యాదులకు వర్తింపజేసే బిల్లు 2024 మేలో 320–91 ఓట్లతో అదే సభలో నెగ్గింది. ఆ నిర్వచనంలోని 11 ఉదాహరణలలో ఎక్కువ భాగం ఇజ్రాయెల్‌కు సంబంధించినవే. అయితే ఇతర దేశాలపై చేసే తరహా విమర్శను ఇజ్రాయెల్‌పై చేస్తే యూదు వ్యతిరేకత కాదని కూడా ఆ పత్రమే చెబుతోంది. దాని తొలి ముసాయిదా రాసిన కెన్నెత్ స్టెర్న్ విశ్వవిద్యాలయాల్లో భావప్రకటనను అదుపు చేయడానికి దానిని చట్టంగా వాడరాదని వాదించారు.

దీన్ని బట్టి ఇజ్రాయెల్ విమర్శలో యూదు ద్వేషం ఎన్నడూ ఉండదని అనుకోవడం మరో పొరపాటు. 2025 జూన్‌లో కొలరాడోలోని బౌల్డర్‌లో, గాజాలోని బందీల విడుదల కోరుతూ నడుస్తున్నవారిపై ఒకడు పాలస్తీనా నినాదంతో పెట్రోలు బాంబులు విసిరాడు. గాయపడిన ఒక వృద్ధురాలు తరువాత మరణించారు. మరోవైపు, 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్ ప్రార్థనా మందిరంలో 11 మందిని చంపినవాడి కోపం శరణార్థులకు సాయపడే ఒక యూదు సంస్థ మీద. ఇజ్రాయెల్ విధానాలతో దానికి సంబంధం లేదు. యూదు ద్వేషం రెండు రాజకీయ శిబిరాల నుంచీ వస్తోంది. తమ శిబిరంలోని ద్వేషాన్ని చూడకుండా ఎదుటివారిది మాత్రమే ఎత్తిచూపడం అక్కడి నాయకులకు అలవాటుగా మారింది.

కాబట్టి ఏ ప్రకటననైనా మూడు ప్రశ్నలతో పరీక్షించండి. ఒకటి: నింద ప్రభుత్వం మీదా, ప్రజలందరి మీదా? రెండు: అదే తప్పు మరో దేశం చేస్తే ఈ వక్త ఇదే మాట అంటాడా? మూడు: వాదంలో సాక్ష్యం ఉందా, లేక డబ్బు, కుట్ర, రహస్య పెత్తనం వంటి పాత నిందలే ఉన్నాయా? సమర్థకులకూ ఒక ప్రశ్న ఉంది: వీరు తమ దేశంలోని యూదులను సమాన పౌరులుగా చూస్తున్నారా?

నల్లమాడలోనో పెనుకొండలోనో కూర్చుని చదివే మీకు అమెరికా గొడవ ఎందుకు అనిపించవచ్చు. ఒకడు చేసిన తప్పుకు వాడి కులాన్నంతా తిట్టడం మన ఊళ్లలో మీరు వినే ఉంటారు. ఒక దేశంపై కోపాన్ని ఇక్కడి ఒక మతం వారిపై చూపడమూ చూసే ఉంటారు. తర్కంలోని లోపం అక్కడా ఇక్కడా ఒకటే. కులాన్ని తిట్టవద్దన్నందుకు తప్పు చేసినవాడిని వదిలేయమని అర్థం కాదు. అలాగే యూదులను నిందించకుండానే ఇజ్రాయెల్‌ను ప్రశ్నించవచ్చు. ఇజ్రాయెల్ భద్రతను కోరుతూనే పాలస్తీనీయుల హక్కులు అడగవచ్చు.

ఈ వారం దినపత్రికలో ఈ అంశంపై వచ్చిన ఒక వార్త తీసుకోండి. అందులో 'యూదులు', 'ఇజ్రాయెల్' అనే మాటల కింద గీత గీసి, ఎక్కడ ఏది ఉండాలో సరిచూడండి. తరువాత పై ప్రశ్నలకు జవాబులు మీ మాటల్లో ఒక పేజీలో రాయండి.